ఇరుసు ఎత్తు

హైదరాబాద్–విజయవాడ రహదారి మీద నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు వెళ్తుంటే కేతేపల్లి వస్తుంది. ఒకవైపు మూసీ కాలువల కింద వరి పొలాలు, మరోవైపు ఎర్రటి చెలకలు, వాటి మధ్య నల్లరాతి గుట్టలు. ఇలాంటి ఊళ్ల యువకులు ఇప్పుడు జిమ్నీ, థార్ లాంటి జీపు తరహా వాహనం కొని, స్ప్రింగులు మార్పించి, ఒకటి రెండు అంగుళాలు లేపించుకుంటున్నారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: దీనికి ఏ సైజు టైరు వేయాలి? దీన్ని నిన్నమొన్నటి సరదా అనుకుంటాం గానీ, ఈ నేల మీద బండి కట్టిన ప్రతి తరమూ ఈ ప్రశ్నను ఎదుర్కొంది. వాళ్లు చెప్పుకున్న జవాబు నేటికీ చెల్లుతుందన్నది నా వాదన. స్ప్రింగులు వాహనం ఒంటిని మాత్రమే పైకి లేపుతాయి. ఇరుసును లేపగలిగేది చక్రం ఒక్కటే. కాబట్టి టైరు ఎంపికలో మొదట చూడాల్సింది ఎత్తు, ఆ తర్వాతే వెడల్పు. అది కూడా బాట ఎంత అడిగితే అంతే.

ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. ఇరుసు నేలకు ఎంత ఎత్తున ఉండాలో చక్రమే తేల్చాలి. అందుకే దక్కన్ పీఠభూమి బండ్లకు నాలుగున్నర, అయిదు అడుగుల చక్రాలుండేవి. అంటే ఇరుసు రెండడుగులకు పైనే. తుమ్మ చెక్కతో వడ్లాయన ఆకులు, అంచు వంపు చెక్కలు చెక్కి కూర్చితే, కమ్మరి ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, అంచు మీద బిగించి నీళ్లు పోసేవాడు. చల్లారిన పట్టా ముడుచుకొని చక్రాన్నంతా ఒక్కటిగా పట్టేసేది. ఇంత పెద్ద చక్రం చేయడం ఖరీదైన పని. పట్టా ఇనుము, మంచి కలప, ఇద్దరు పనివాళ్ల రోజులు దానిలో పోయాలి. చిన్న చక్రమైతే అన్నీ కలిసొచ్చేవి. అయినా పెద్దదే చేయించుకున్నారంటే కారణం బాటలోనే ఉంది. వానాకాలంలో చెలక మీద బండ్ల బాట గాడి పడుతుంది. నడిచిన కొద్దీ గాళ్లు లోతవుతాయి, రెండు గాళ్ల మధ్య మట్టి గట్టులా మిగులుతుంది. ఇరుసు ఆ గట్టుకు తగిలిందా, ఎడ్లెంత లాగినా బండి కదలదు. వాగు దాటేటప్పుడు నీళ్లలోని గుండ్రాయి తగిలినా అదే గతి. ఇక వెడల్పు సంగతి. చెలక నేల కింద ఎక్కువ లోతుకు పోకముందే మొరమో రాయో తగులుతుంది. సన్నని పట్టా పై మెత్తటి పొరను కోసుకుంటూ గట్టి అడుగును అందుకుంటుంది. లోతైన రేగడిలో అదే పట్టా కూరుకుపోతుంది. ఎత్తైన సన్నని చక్రం నేల నేర్పిన కొలత అనడానికి ఈ తేడాయే ఆధారం.

ఈ బాటలు బండిని అంత తేలిగ్గా ఒప్పుకోలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 17వ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిపోయిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే, దక్షిణాదిలో చక్రాల ప్రయాణం ఎంత కష్టమో రాశాడు. సరుకులో పెద్ద భాగం ఎద్దుల వీపుల మీదే సాగింది. లంబాడీల ఎద్దుల బిడారులు ఉప్పును, ధాన్యాన్ని మోసిన కాలమది. కాలిబాట మీద ఎద్దు నడవగలిగిన ప్రతిచోటా బండి నడవలేదు. బండి నడవాలంటే దానికి ఎద్దు కాలంత వెసులుబాటు కావాలి, అంటే నేలకు ఇరుసుకు మధ్య ఖాళీ కావాలి. పెద్ద చక్రమే మేలని మన వడ్లవాళ్లు అనుభవంతో తేల్చిన విషయం మీదే 19వ శతాబ్దం పూర్వార్ధంలో ఫ్రాన్స్‌లో ఇద్దరు ఇంజనీర్లు వాదులాడుకున్నారు. చక్రం వ్యాసం పెరిగే కొద్దీ లాగడానికి పట్టే బలం అదే నిష్పత్తిలో తగ్గుతుందన్నాడు మోరాన్. కాదు, వ్యాసపు వర్గమూలం లెక్కన తగ్గుతుందన్నాడు డ్యూపుయి. ఎంత తగ్గుతుందన్న దగ్గరే వాళ్లకు పేచీ. పెద్ద చక్రం తేలిగ్గా కదులుతుందన్న దాంట్లో ఇద్దరికీ తేడా లేదు. గట్టి రోడ్డు మీద పట్టా వెడల్పు పెరిగినందువల్ల పెద్దగా లాభం లేదని, మెత్తని నేల మీదే వెడల్పు పనికొస్తుందని కూడా మోరాన్ పరీక్షల్లో తేలింది.

ఇక్కడే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది. ఎత్తే ముఖ్యమైతే, ఇరవయ్యో శతాబ్దంలో టైరు బండి గెలవడమేమిటి? బెల్‌ఫాస్ట్‌లో 1888లో జాన్ బాయిడ్ డన్‌లప్ గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన పేరున్న కంపెనీ 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో ఫ్యాక్టరీ తెరిచింది. ఆ పేరే ఊరూరా టైరు బండికి అంటుకుంది. డన్‌లప్ బండి అంటే ఇప్పటికీ పెద్దవాళ్లకు అర్థమవుతుంది. ఎడ్లబండ్ల కోసమని చేసిన టైర్లలో 8.00-19 సైజు ఒకటి. దాని వ్యాసం లెక్క కడితే దాదాపు 35 అంగుళాలు, అంటే ఇరుసు పదిహేడున్నర అంగుళాల ఎత్తున. కర్ర చక్రంతో పోలిస్తే ఇరుసు సుమారు పది అంగుళాలు కిందికి దిగింది. అయినా రైతు దాన్నే కోరుకున్నాడు. దీనికి జవాబు రోడ్డు చరిత్రలో దొరుకుతుంది. మోటారు వాహనాలు పెరిగాక దేశమంతా రోడ్ల గురించి చర్చ మొదలైంది. 1927లో జయకర్ కమిటీ ఏర్పడింది, 1934లో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పుట్టింది. రోడ్డు ఇంజనీర్లకు ఇనుప పట్టా పెద్ద తలనొప్పి. కంకర పరిచి, నీళ్లు చల్లి, రోలరుతో తొక్కించిన రోడ్డును రెండంగుళాల ఇనుప అంచు పిండి చేసేది. మన దగ్గర నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది. బస్సు నడవాల్సిన రోడ్డులో గాడి ఉండకూడదు. గాడి లేని చోట రెండడుగుల ఎత్తున ఇరుసు అవసరం లేదు. ఎత్తు తగ్గితే బస్తాలు ఎక్కించడమూ సుళువే. గాలి టైరు చిన్న చిన్న రాళ్లను తనలోకి నొక్కుకుని దాటుతుంది కాబట్టి ఎడ్లకు శ్రమ తగ్గింది. టైరు బండి గెలుపు ఎత్తు సూత్రాన్ని కొట్టేయలేదు. బాట అడిగినంత ఎత్తే కావాలని చూపించింది. ఆ గెలుపు ఒక్కరోజులో వచ్చిందీ కాదు. బెంగళూరు ఐఐఎంలో ఎన్.ఎస్. రామస్వామి ఎడ్లబండ్ల మీద పరిశోధన చేసిన 1970ల చివర్లో కూడా దేశంలో కోటిన్నర దాకా పశువులు లాగే బండ్లున్నాయని అంచనా. వాటిలో అత్యధికం కర్ర చక్రాలవే. రోడ్డు రాని చోట పాత చక్రమే నిలబడింది.

జీపు వచ్చింది సరిగ్గా ఈ సంధికాలంలో. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు 6.00-16 టైర్లు. ఆరంగుళాల వెడల్పు, ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తు, నేల నుంచి అడుగు భాగానికి ఎనిమిదీ ముప్పావు అంగుళాల ఖాళీ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య సమయంలో భారత సైన్యంలోని ఒక దళం విజయవాడ వైపు నుంచి కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా ఈ దారినే వచ్చింది. వెనక్కి తగ్గుతున్న హైదరాబాద్ బలగాలు మూసీ వంతెనను ధ్వంసం చేశాయి. భారత సైన్యం దాన్ని త్వరగానే బాగుచేసుకొని నార్కట్‌పల్లి వైపు సాగింది. ఒక్క వంతెన పోతే చక్రాల సైన్యమంతా ఏటి ఒడ్డున ఆగాల్సిన రోజులవి. 1947లోనే మహీంద్రా కంపెనీ దేశంలో జీపులు కూర్చడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ఆరంభమయ్యాక బ్లాకు ఆఫీసు జీపు పల్లెలకు పరిచయమైంది. అధికారి ఊళ్లోకి రావాలంటే బండ్ల బాటే దిక్కు, ఆ గాళ్లలోనే జీపు నడవాలి. సన్నగా, పొడుగ్గా ఉన్న ఆ టైరు ఈ నేలకు కొత్తేమీ కాదు. కర్ర చక్రం చేసిన పనినే అది గాలితో చేసింది. ఇక 2023లో వచ్చిన జిమ్నీ టైరు 195/80 ఆర్15. లెక్క కడితే 693 మిల్లీమీటర్ల ఎత్తు, అంటే ఇరవై ఏడూ పావు అంగుళాలు. ఎనభై ఏళ్ల కిందటి యుద్ధ జీపు టైరు దీనికన్నా ఎత్తు, దీనికన్నా సన్నం. నేల ఖాళీలో కూడా పాత జీపుదే పైచేయి. జిమ్నీది 210 మిల్లీమీటర్లు, విల్లీస్‌ది 222.

ఇప్పుడు రెండంగుళాలు లేపిన జిమ్నీని తీసుకుందాం. దాని ముందు వెనుక ఇరుసులు రెండూ పాత పద్ధతిలో ఒకే కడ్డీలా అడ్డంగా ఉంటాయి, మధ్యలో డిఫరెన్షియల్ గుండు వేలాడుతుంటుంది. పొడుగు స్ప్రింగులు వేసినా ఆ గుండు నేలకు ఎంత ఎత్తున ఉందో అంతే ఉంటుంది, ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. లేపడం వల్ల దక్కేది చక్రం గూట్లో జాగా, ముందు వెనుక బంపర్లకు వాలు మీద వెసులుబాటు. ఆ జాగాలో టైరు పెంచకపోతే చేసిన ఖర్చులో సగం వృథా. టైరు పెంచితే, పెరిగిన వ్యాసంలో సగం ఇరుసుకు ఎత్తుగా దక్కుతుంది. 215/75 ఆర్15 వేస్తే వెడల్పు 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇరుసు లేచేది అయిదు మిల్లీమీటర్లే. 235/75 ఆర్15 వేస్తే వెడల్పు 40 పెరిగి, ఇరుసు 20 మిల్లీమీటర్లు లేస్తుంది. కంపెనీ ఇచ్చిన అయిదున్నర అంగుళాల రిమ్ము మీద రెండోది సరిగ్గా కూర్చోదు, కనీసం ఆరంగుళాల రిమ్ము కావాలి. రిమ్ము మార్చే ఉద్దేశం లేకపోతే లేపడం చూపులకే తప్ప గాడిలో పనికిరాదని నా అభిప్రాయం. థార్‌లో 16 అంగుళాల రిమ్ముల రకానికి 245/75 ఆర్16 ఉంటుంది. దాని బదులు 265/75 వేస్తే 20 మిల్లీమీటర్ల వెడల్పుకు ఇరుసు 15 మిల్లీమీటర్లు లేస్తుంది, మంచి బేరమే. అయితే థార్ ముందు చక్రాలు విడివిడిగా కదులుతాయి, ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది. కాబట్టి లేపినప్పుడు అది కూడా లేస్తుంది, దాంతో చక్రాలకు వెళ్లే షాఫ్టుల కీళ్లు వాలుగా తిరిగి త్వరగా అరుగుతాయి. ఇరుసు సూత్రం అక్కడ వెనుక భాగానికే పూర్తిగా వర్తిస్తుంది.

వెడల్పు టైరును ఇష్టపడేవాళ్లు ఊరికే ఇష్టపడటం లేదు. వాళ్ల వాదనకు కూడా ఇక్కడి నేల మీదే సాక్ష్యముంది. 1932లో అమెరికాలో ఫైర్‌స్టోన్ టైర్లతో అలిస్-చామర్స్ ట్రాక్టరు వచ్చేదాకా ట్రాక్టర్లకు ఇనుప చక్రాలే. రబ్బరు వచ్చాక పొలం పని మారిపోయింది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు కింద వరి సాగు పెరిగాక, కరిగెట కోసం ట్రాక్టరు టైర్ల పక్కన కేజ్ వీల్స్ కట్టడం మొదలైంది. అవి చక్రాన్ని వెడల్పు చేస్తాయి, బురదలో దిగబడనీయవు. మెత్తటి చోట వెడల్పే రక్షిస్తుందని దీన్నిబట్టి అనొచ్చు. కానీ అదే ట్రాక్టరు వెనుక టైరును చూడండి. 13.6-28 సైజు టైరు నాలుగడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. టైరు బండి పోగొట్టుకున్న ఎత్తును ట్రాక్టరు తిరిగి తెచ్చుకుంది, ఆ ఎత్తుకు తోడుగానే వెడల్పును చేర్చుకుంది. కరిగెట పెట్టిన మడి నీళ్లు నిలవాలని కావాలనే బురద చేసిన నేల. దాన్ని చూసి బాటకు కొలత నిర్ణయించకూడదు, ఆ మడిలో జీపుకు పనీ లేదు. ఇక మిగిలింది మూసీ ఇసుక. ఇసుకలో వెడల్పు అవసరమన్నది నిజమే. అయితే దానికి టైరు మార్చక్కర్లేదు, గాలి తగ్గిస్తే చాలు. 30 పౌండ్ల గాలిని 18 దాకా దించితే టైరు నేలను ఆనుకునే మేర పొడుగవుతుంది. ఇసుక దాటి రోడ్డెక్కే ముందు గాలి మళ్లీ నింపాలి. నల్లగొండ ఎండల్లో తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే టైరు లోపలి పొరలు వేడెక్కి విడిపోవచ్చు.

ఎత్తుకు కూడా హద్దుంది, ఆ హద్దును గీసేది రోడ్డే. 2012లో నాలుగు వరుసలైన ఈ రహదారి మీద, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటుతూ 235/75 టైర్ల జిమ్నీ స్పీడోమీటరు 80 చూపిస్తుంటే అసలు వేగం 85కు దగ్గరగా ఉంటుంది. పాత టైరుతో సరిగ్గా చూపించే మీటరైతే పొరపాటు అంత ఉంటుంది. చక్రం దగ్గర లాగే బలం అయిదారు శాతం తగ్గుతుంది, బ్రేకులు బరువైన చక్రాన్ని ఆపాలి. సొంత బండిని సొంతదారు ఎలాగైనా మార్చుకోవచ్చు కదా అంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దీనికి ఒప్పుకోదు. తయారీదారు నిర్దేశించి రిజిస్ట్రేషన్‌లో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. ఈ ఆంక్షను కేవలం అధికారుల పట్టుదల అనుకోవడం సరికాదు. ఇనుప పట్టా కంకర రోడ్డును పిండి చేసినప్పుడు ఇంజనీర్లు అడిగిందీ, ఇవాళ కేజ్ వీల్స్ విప్పకుండా తారు రోడ్డెక్కిన ట్రాక్టర్ల మీద కేసులు పెడతామని పోలీసులు అనేదీ ఒకటే మాట. పొలానికి సరిపోయిన చక్రం రోడ్డుకు సరిపోవాలని లేదు, రోడ్డు అందరిదీ. అందుకే అనుమతి దొరికినా రెండంగుళాలు లేపిన వాహనానికి ఒక మెట్టు ఎత్తైన టైరు దగ్గర ఆగడం మంచిది. జిమ్నీలో 235/75 దాటి ఇంకా పెద్దదానికి పోతే గేరు నిష్పత్తి, బ్రేకులు, బేరింగులు అన్నీ మార్చుకుంటూ పోవాలి. కేతేపల్లి చుట్టుపక్కల చెరువు కట్టలు, వాగు దాట్లు, గుట్టల అంచు బాటలు అంత ఎత్తును అడగవు.