నిప్పు – మంచు – నల్లరేగడి

ఏళాయిరంపన్నై, సాత్తూరు, కోవిల్‌పట్టి ప్రాంతముల కరిసల్ నేలను ఎరిగినవారికి ప్రకృతి కాఠిన్యమును గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. వేసవిలో ఆ నేల నెఱ్ఱెలు విచ్చి, పశువు కాలు దిగబడునంతటి పగుళ్లు పడును. వానకాలమున అదే నేల జిగటయై బండిచక్రమును పట్టి వదలదు. తడిసిన ఉబ్బుట, ఎండిన ముడుచుకొనుట ఈ బంకమట్టి స్వభావము. భూశాస్త్రజ్ఞులు దీనికి ‘రేగర్’ అని పేరిడిరి. అది మన ‘రేగడి’ నుండి పుట్టిన మాటయే. తెలుగు సేద్యగాని నోటిమాట లోకశాస్త్రమున నిలిచిన కొలదిచోట్లలో ఇదియొకటి. ఇట్టి నేలపై ఈశాన్య వర్షమును నమ్ముకొన్నవాడు అదను, పదును అను రెండు మాటల నడుమ బ్రదుకును. తొలిజల్లునకే తొందరపడి విత్తినచో మొలక మాడిపోవును. ఇంకొక వాన చూతమని ఆగినచో గొర్రు పొలమున దిగదు.

అందుచేత, ద్వీపములోనో మంచునేలలోనో ఒంటరిగా చిక్కిన మానవుని గూర్చి పాశ్చాత్యులు వ్రాసిన కథలు మనకు దూరదేశపు వింతలుగా తోచవు. ఆ కథలలో మనుష్యుని చెఱచునది తఱచుగా అజ్ఞానము కాదు, తనకు తెలిసినది చాలునను ధీమా.

డేనియల్ డీఫో 1719లో ప్రకటించిన ‘రాబిన్సన్ క్రూసో’లో ఈ ధీమా నవ్వు పుట్టించు రీతిగా కానవచ్చును. ద్వీపమున చిక్కిన క్రూసో ఒక మహావృక్షమును ఎన్నుకొని, ఇరువది దినములు మొదలు నఱికి, పదునాలుగు దినములు కొమ్మలు కొట్టి, నెల దినములు చెక్కి, మఱి మూడు నెలలు లోపల తొలిచి దోనె చేసెను. దానిని నీటివఱకు ఎట్లు చేర్చవలెనో మాత్రము ముందుగా ఆలోచింపలేదు. కాలువ త్రవ్వి సముద్రమునే దోనెయొద్దకు రప్పింతునని లెక్కవేయగా, ఒక్కని చేతులకు పది పండ్రెండేండ్లు పట్టునని తేలెను. దోనె అచ్చటనే పడియుండెను. అయినను క్రూసోకు తన పొరపాటును తలచుకొనుటకు వలసినంత కాలము మిగిలెను. ఆ ద్వీపము కొంత దయగలది. జాక్ లండన్ చూపిన ఉత్తరదేశమున ఆ గడువు లేదు.

లండన్ (1876–1916) బంగారపు వేటకై 1897లో క్లాండైక్ ప్రాంతమునకు పోయి, స్కర్వీ వ్యాధితో తిరిగివచ్చెను. అచ్చటినుండి తెచ్చుకొన్న కథలే అతనికి బంగారమైనవి. వానిలో 1908లో వెలువడిన ‘టు బిల్డ్ ఎ ఫైర్’, అనగా ‘నిప్పు రాజేయుట’, మిక్కిలి పేరుగాంచినది. కథానాయకునకు పేరే లేదు. ఆ దేశమున అతనికి అది తొలి శీతకాలము. సల్ఫర్ క్రీక్ అనుచోట నివసించు ఒక వృద్ధుడు, సున్నకు దిగువ 50 డిగ్రీలు దాటిన చలిలో ఎవ్వడును ఒంటరిగా పయనింపరాదని అతనికి చెప్పియుండెను. ఆనాటి చలి సున్నకు దిగువ 75 ఫారన్‌హీటు డిగ్రీలు. సెల్సియస్ లెక్కలో సుమారు 59. ఉమిసిన ఉమ్మి నేల తాకకముందే గాలిలో చిటపటమని గడ్డకట్టును. వెంటనున్న కుక్కకు అంకెలు తెలియవు గాని, అది పయనమునకు తగిన దినము కాదని తెలియును. మనుష్యునకు అంకెలు తెలియును. వాని అర్థము తెలియదు. రచయిత యీ భేదమును ఎత్తిచూపిన తీరు నాకు కథయంతటిలోను ముఖ్యమని తోచును.

దారిలో పలుచని మంచుపొర విఱిగి అతని కాళ్లు తడియును. అతడు నేర్పుగా నిప్పు రాజేయును. అది మండుచుండగా వృద్ధుని మాట తలచుకొని, ముసలివారు ఇంత పిఱికివారా యని నవ్వుకొనును. కాని నిప్పు వేసినది చెట్టు క్రింద. కొమ్మలపై పేరుకొన్న మంచు జాఱి, మంటపై కూలి, దానిని ఆర్పివేయును. అటుపిమ్మట వ్రేళ్లు కొఱ్ఱుబడి పుల్ల పట్టలేక, రెండు అరచేతుల మడమలనడుమ 70 గంధకపు పుల్లలను ఒక్కమాఱుగా గీయును. చేయి కాలుచున్న వాసన వచ్చును గాని నిప్పు నిలువదు. చివరకు అతడు మంచులో కన్నుమూయును. కుక్క నిప్పును తిండియును దొరకు చోటు వెదకికొనుచు పోవును.

ఆ డెబ్బది పుల్లల ఘట్టము మన ప్రాంతమువారు చదువదగిన రీతి వేఱు. వానలు తక్కువై సేద్యము నమ్మరాని ఈ నేలమీదనే, ఆ పొడిగాలినే ఆసరాగా గొని అగ్గిపెట్టెల పరిశ్రమ పెరిగినది. శివకాశి నుండి పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అనువారు 1920ల తొలినాళ్లలో కలకత్తాకు పోయి ఆ పని నేర్చివచ్చిరి. పుల్ల వెలిగించుట ఎంత సులభమో, వెలిగినదానిని నిలుపుట ఎంత కష్టమో, వెలుగరానిచోట వెలిగినచో ఏమగునో ఇక్కడివారికి తెలియును.

ఇక మన స్వంత అరణ్యకథకు వచ్చెదను. కోవిల్‌పట్టి సమీపమున ఇడైసేవల్ గ్రామమున తెలుగు కుటుంబమున పుట్టి, తమిళమున వ్రాసి, 2021లో దివంగతులైన కి. రాజనారాయణన్ గారి ‘గోపల్ల గ్రామం’ నవల 1976లో వెలువడినది. చెన్నాదేవి యను సుందరిని ఒక తురుష్క ప్రభువు కోరగా, ఆమె బంధువులు తెలుగుదేశము విడిచి అడవులబట్టి దక్షిణమునకు పాఱివచ్చి, ఇక్కడి అరణ్యమును అగ్గికిచ్చి, నేలను సేద్యమునకు తెచ్చుకొనుట అందలి పూర్వకథ. దానిని నూరేండ్లు దాటిన మంగతాయారు అమ్మాళ్ చెప్పును.

చరిత్రగా దీనిని అక్షరాల గ్రహింపరాదు. ఇట్టి పలాయన గాథలు పలు కులములలో కలవు. 14వ శతాబ్దిలో కుమారకంపన దండయాత్ర మొదలు, 16వ శతాబ్దిలో విశ్వనాథ నాయకుడు మధురలో నిలదొక్కుకొన్న కాలమున, అటుపిమ్మటను తెలుగువారు అలలు అలలుగా వచ్చిరి. తామ్రపర్ణి తీరపు మాగాణి అప్పటికే ఇతరుల చేతులలో నుండెను. రేగడి గుణము ఎరిగిన తెలుగు సేద్యగాండ్రు ఈ మెట్టభూములలో కుదురుకొనిరి. ఏళాయిరంపన్నై మాత్రము మఱవ పాళెగాండ్రది. ఒక్క సుందరి కథలో ఇన్ని తరముల పయనము ఇముడదు. అయినను ఆ నవలలోని ఆకలి, అడవి, నిప్పు కల్పనలని త్రోసివేయదగినవి కావు.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి, పాశ్చాత్యుడు గర్వించి చెడెను, మన పెద్దలు వినయముచే బ్రదికిరి యని పొగడుకొనుట సులభము. అది న్యాయము కాదు. ఒక అరణ్యమునే తగులబెట్టుట వినయముగలవారి పని యగునా? లండన్ కథలోనివాడు ఒక్క చెట్టు క్రింద నిప్పు వేసి చెడెను. మనవారు వనమంతటికి నిప్పుపెట్టి గెలిచిరి. ఆ గెలుపునకు హద్దెంతయో కి. రా. గారే అదే నవలలో చూపిరి. అడవిని జయించిన ఊరివారు, మిడుతల దండు పైరుపై వాలినప్పుడు ఏమియు చేయలేక చూచుచు నిలిచిరి.

భేదము మఱియొకచోట కలదు. మంచులో చనిపోయినవాడు అంతకుముందే వృద్ధుని మాటను నవ్వి విడిచెను. అతనికి జరిగినది చెప్పుటకు మనుష్యమాత్రుడు మిగులలేదు. గోపల్ల గ్రామమున వృద్ధురాలు కథకు నడుమ కూర్చుండును, ఇల్లంతయు ఆమెచుట్టు చేరును. లండన్ ఇదే పేరుతో 1902లో బాలురకై వ్రాసిన తొలి కథ ఈ సందర్భమున తలపునకు వచ్చును. అందులో ప్రయాణికునకు పేరున్నది, టామ్ విన్సెంట్ అని. అతడు చేతులు కాల్చుకొనియైనను బ్రదికి, ఒంటరిగా పయనింపరాదని నలుగురికి చెప్పువాడగును. ఆఱేండ్లకు లండన్ ఆ పేరును, ఆ ప్రాణమును రెండింటిని తీసివైచెను. కళగా రెండవది మిన్న, సందేహము లేదు. కాని వలసవచ్చినవారి సంతతికి మొదటిది దగ్గఱ.

మంగతాయారమ్మ తన యింటివారికి చెప్పిన కథ తెలుగున చెప్పినదే కావలెను. మనము దానిని తమిళమున చదువుచున్నాము. రచయితను ఇందుకు తప్పుపట్టరాదు. ఇంటి తెలుగునకు బడి లేదు. పెక్కు ఇండ్లలో లిపియు లేదు. ఏ యేరు దాటితిమో, ఏ దేవతను వెంట తెచ్చుకొంటిమో, ఏ యేట వాన తప్పి విత్తనపు గింజలనే వండుకొంటిమో ఆ వివరములన్నియు నోటనే ఉన్నవి. ఈ పల్లెలలో ఇప్పటికిని కొందఱు అవ్వలు వానిని చెప్పుదురు. మనుమలు తమిళమున అడుగుదురు. వారు తెలుగుననే బదులిత్తురు.