జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి?

సోమశిలలో కృష్ణ ఒడ్డున నిలబడితే ఎదురుగా నల్లమల కొండలు, ఈవలి గట్టున సోమేశ్వరుడి గుడి. కొండల్లోని చెంచులకు గారెల మైసమ్మ అనే దేవత ఉంది. 1940లో అమ్రాబాద్ పెంటల్లో తిరిగిన మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ తన చెంచుల పుస్తకంలో ఆమె గురించి రాశాడు. మైదానంలో ఏ ఊరికి పోయినా పొలిమేరలో పోచమ్మ, చెరువు కట్ట మీద మైసమ్మ. పూర్వం కలరా, మశూచి, పశువుల రోగం ఏది వచ్చినా ఊరు ముందు తిరిగేది అమ్మ వైపే.

ఈ నేల మీదికి మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చారు. 1904లో ఇండియాకు వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూల్‌లో మిషన్ నెలకొల్పాడు. తర్వాత వనపర్తి, గద్వాల సంస్థానాల్లోనూ మిషన్ బంగళాలు లేచాయి. బడి, గుడి, దవాఖాన ఒకే ఆవరణలో ఉండేవి. 1907లో వచ్చిన డాక్టర్ కాథరినా షెల్లెన్‌బర్గ్ 1945లో కన్నుమూసేదాకా ఇక్కడి రోగులనే చూసుకుంది. ఆమె చేతి మందు తాగినవాళ్లలో బాప్తిస్మం తీసుకోనివాళ్లే ఎక్కువ మంది ఉండి ఉంటారు.

మిషన్‌లో చేరినవాళ్లు ఎక్కువగా మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. అమ్మవారి కొలుపులో డప్పు కొట్టడం, బలి దున్నపోతు పని చూడడం ఊరు ఆ కుటుంబాల మీద పెట్టిన బాధ్యత. వాళ్లు యేసును నమ్ముకుంటే కొలుపే కుంటుపడుతుంది. అందుకే ఒక వాడ మతం మారడమనేది ఆ వాడతో ఆగే సంగతి కాదు, ఊరంతటికీ తగిలేది.

ఈ చిక్కును అందరికంటే దగ్గరగా చూసినవాడు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాద్‌లో మిషనరీల ఇంట పుట్టాడు. మానవశాస్త్రం చదివి, మిషనరీగానూ పనిచేసి, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొండూరు గ్రామం మీద 1971లో పుస్తకం అచ్చువేశాడు. జబ్బు చేసిన మనిషి అక్కడ ఎన్ని గడపలు ఎక్కుతాడో ఆయన ఓపికగా గమనించాడు. దేవుడి శక్తితో నయం చేసే సాధువు ఒకరు. మంత్రం వేసి, యంత్రం గీసి దయ్యాన్ని, దిష్టిని వదిలించే మంత్రగాడు మరొకరు. ఆకు మందు, చూర్ణం ఇచ్చే వైద్యుడు ఉన్నాడు, నాటు మందులవాళ్లు, మంత్రసానులు ఉన్నారు.

క్రైస్తవులయ్యాక సాధువు స్థానంలో ప్రార్థన, వైద్యుడి స్థానంలో మిషన్ డాక్టరు వచ్చారు. మంత్రగాడి స్థానంలోకి మాత్రం ఎవరూ రాలేదు. దయ్యం పట్టింది, చేతబడి జరిగింది అని ఎవరైనా వస్తే, అలాంటివి లేవని చెప్పడం తప్ప మిషనరీల దగ్గర జవాబు లేదు. దాంతో చాలామంది విశ్వాసులు మళ్లీ మంత్రగాడి దగ్గరికే పోయారు. 1982లో అచ్చయిన తన ప్రసిద్ధ వ్యాసంలో హీబర్ట్ ఈ లోపాన్ని దాచకుండా రాశాడు. మిషన్ చరిత్రలో అంత నిజాయితీ తరచుగా కనిపించదు.

ఆయన రాసిన ముచ్చింతల అనే ఊరి ఉదంతం మరీ కదిలిస్తుంది. ఊళ్లో మశూచి చెలరేగింది. మైసమ్మకు కోపం వచ్చిందని, దున్నపోతును బలివ్వాలని తేల్చారు. పెద్దలు ఇంటింటికీ చందా ఎత్తితే క్రైస్తవులు ఇవ్వలేదు. వాళ్లను బావి నీళ్లు తోడుకోనివ్వలేదు, కొట్లో సరుకులు అమ్మలేదు. అంతలో క్రైస్తవుల పిల్లకే అమ్మవారు పోసింది. సంఘ పెద్ద కాలినడకన హీబర్ట్ దగ్గరికి వచ్చి ప్రార్థన చేయమన్నాడు. పిల్ల బతకలేదు. అంత జరిగినా ఆ పెద్ద కుంగిపోలేదు. పిల్లను సాగనంపేటప్పుడు పరలోకంలో మళ్లీ కలుస్తామన్న తమ నమ్మకాన్ని ఊరు చూసిందని, ఆ తర్వాతే కొందరు వచ్చి యేసు గురించి అడుగుతున్నారని చెప్పాడు. మిషనరీ చెప్పలేని జవాబును ఆ పల్లెటూరి పెద్దమనిషి తనకు తానే వెతుక్కున్నాడు.

పశ్చిమ ఆఫ్రికాలోని ఎవే జాతి కథ కూడా ఇంతే. 1847లో వాళ్ల పెకీ ఊరికి బ్రెమెన్ మిషన్ చేరింది. అక్కడి దేవతలను దయ్యాలుగా ముద్ర వేసింది. ఆ దయ్యాల బారిన పడ్డామన్నవాళ్లకు మాత్రం ఊరట చూపలేకపోయింది. స్వస్థత ప్రార్థనల సంఘాలకు జనం అందుకే తరలిపోయారని మానవశాస్త్రవేత్త బిర్గిట్ మేయర్ 1999 నాటి పుస్తకంలో చూపింది.

మళ్లీ తెలంగాణకు వస్తే, మెదక్ వైపు పల్లె క్రైస్తవుల మీద పి. వై. లూక్, జాన్ కార్మన్ అనే పరిశోధకులు 1959లో పరిశీలన మొదలుపెట్టి, 1968లో పుస్తకం తెచ్చారు. ఊరి దేవతల పండుగలను పూర్తిగా వదలని క్రైస్తవ కుటుంబాలు వాళ్లకు ఎన్నో కనిపించాయి. యాభై ఏళ్లకు కార్మన్, చిలుకూరి వసంతరావు అవే ఊళ్లకు తిరిగి వెళ్లారు. పాత మిషన్ సంఘాలు కొన్నిచోట్ల వాడిపోయాయి. వాటి పక్కనే కొత్త ప్రార్థన సంఘాలు పుట్టాయి. ప్రార్థనతో జబ్బు తగ్గిందని చెప్పేవాళ్లు, బాప్తిస్మం తీసుకోకుండానే ఆరాధనకు వచ్చి కూర్చునే ఇతర కులాలవాళ్లు వాటిలో ఉన్నారు.