శిశువిద్యాలయము - వికలాంగ శిశువు

శిశువిద్యాలయములలో నేడు వాడుచున్న కొయ్య ఉపకరణములలో ననేకము తొలుత వికలాంగ బాలలకొరకు పుట్టినవే. 1900లో రోమునగరమున డాక్టరు మరియా మాంటిసోరి మానసిక వైకల్యముగల బాలల పాఠశాలను నిర్వహించెను. ఫ్రాన్సుదేశపు వైద్యులగు ఇతార్, సెగ్వాన్‌ల పద్ధతులే ఆమెకు ఆధారములు. ఆ బాలలు చదువను వ్రాయను నేర్చుటచే, 1907 జనవరి 6న సాన్ లొరెంజో పేటలో పేదపిల్లలకై తెరచిన బడిలో ఆ మార్గమునే అవలంబించెను. 1939లో ఆమె అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుటతో, తెలుగువారు తరతరములుగా స్థిరపడియున్న మద్రాసునకు ఆ విద్య చేరినది.

అయినను, ఏ బాలలవలన ఈ విద్య పుట్టెనో వారికే శిశుతరగతుల తలుపులు చిరకాలము తెరువబడలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఉచితవిద్యను 6 మొదలు 18 ఏండ్లవారికే హక్కుగా పేర్కొన్నది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషాబోధనను ప్రాథమిక దశకే చెప్పినది. మూడేండ్ల శిశువు రెంటికిని వెలుపలనే నిలిచెను. 2023లో కేంద్రప్రభుత్వము అంగన్‌వాడీలకు మార్గదర్శకములు వెలువరించి, వైకల్యమును తొలినాళ్ళలోనే గుర్తించి అట్టి శిశువులను తోడిపిల్లలతో చేర్చుకొనవలెనని తెలిపినది. పరరాష్ట్రములందలి తెలుగింటి బిడ్డకు అచట చోటుతోపాటు, ఇంటిలో విన్న పలుకును కావలెను. ఈ పాతబాకీ తీర్చు భారము పెద్దలది.