స్టాటిన్ మాత్రలు: అట్ట మీది అసలు పేరు చూడాలి, అడగకుండా ఆపొద్దు

ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అంటే వాహనాల రద్దీ కాదు, రైల్వే కాలనీల్లో ఒక పేట పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఉద్యోగాలకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ ఊరి రైల్వే పేటల్లో చాలా ఉన్నాయి. రిటైరైన వారికి వైద్యం సాధారణంగా ఒక్క చోట జరగదు. రైల్వే ఆస్పత్రిలో కొన్ని మందులు ఇస్తారు. గుండె డాక్టరు ప్రైవేటులో ఉంటాడు. పండక్కి సొంతూరు వెళ్లినప్పుడు విశాఖలో ఇంకో డాక్టరుకు చూపించుకుంటారు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర విషయంలో పొరపాట్లు ఎక్కువగా ఈ చేతులు మారే దగ్గరే జరుగుతాయి.

వీటిలో మొదటిది, ఒకే మందును రెండు పేర్లతో వేసుకోవడం. ఆస్పత్రి ఇచ్చే అట్ట మీద అటోర్వాస్టాటిన్ అని మందు పేరే ఉంటుంది. బయట కొన్న దాని మీద కంపెనీ పెట్టిన పేరు పెద్దక్షరాల్లో, అసలు పేరు చిన్నక్షరాల్లో ఉంటుంది. రంగు వేరు, పేరు వేరు కాబట్టి రెండూ వేర్వేరు మందులనుకుని వేసుకుంటారు. రోసువాస్టాటిన్ వాడుతున్న వారికి మరో చోట అటోర్వాస్టాటిన్ రాసినా ఇదే ఇబ్బంది, ఎందుకంటే రెండూ స్టాటిన్లే. స్టాటిన్, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మూడూ కలిపిన క్యాప్సూళ్లు మన దేశంలో బాగా వాడకంలో ఉన్నాయి. ఆ క్యాప్సూల్ వేసుకుంటూ విడిగా ఆస్పిరిన్ కూడా వేసుకుంటే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. పేరు చివర ‘స్టాటిన్’ అని ఉన్నది రోజుకు ఒక్కటే ఉండాలి. రెండు కనిపిస్తే డాక్టరును అడగాలి.

స్టాటిన్ పని చేసేది కాలేయంలో. కొలెస్ట్రాల్ తయారీకి అవసరమైన ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది. దాంతో కాలేయం తన అవసరానికి రక్తంలోని చెడ్డ కొలెస్ట్రాల్‌ను, అంటే ఎల్‌డీఎల్‌ను, ఎక్కువగా లాక్కుంటుంది. 1970లలో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేల రకాల బూజులను వెతికి ఈ గుణమున్న మొదటి పదార్థాన్ని కనుగొన్నారు. 1987లో అమెరికాలో లోవాస్టాటిన్‌కు అనుమతి వచ్చింది. అసలు నమ్మకం కుదిరింది మాత్రం 1994లో. స్కాండినేవియా దేశాల్లో 4,444 మంది గుండె రోగులపై జరిగిన పరిశోధనలో సిమ్వాస్టాటిన్ వాడిన వారిలో మరణాలు 30 శాతం తగ్గాయి.

రెండో పొరపాటు, రిపోర్టు నార్మల్ వచ్చిందని మాత్ర మానేయడం. నార్మల్ వచ్చింది మాత్ర వేసుకుంటున్నందుకే. ఆపితే కొన్ని వారాల్లోనే ఎల్‌డీఎల్ మళ్లీ పాత చోటికి చేరుతుంది. ల్యాబ్ కాగితం మీది ‘నార్మల్’ అంకె అందరికీ ఒకటి కాదు. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024 మార్గదర్శకాల ప్రకారం ఎల్‌డీఎల్ మామూలు వారికి 100 లోపు, ముప్పు ఎక్కువున్న వారికి 70 లోపు, గుండెపోటు వచ్చిన వారి వంటి అతి ఎక్కువ ముప్పున్న వారికి 55 లోపు ఉండాలి. స్టెంటు పడిన మనిషి 95 చూసి సంతోషపడటానికి లేదు.

ఒళ్లు నొప్పులు వస్తాయన్న భయంతో ఆపేసేవారూ ఉన్నారు. 2020లో వెలువడిన సామ్సన్ అనే బ్రిటిష్ పరిశోధన సరిగ్గా ఇలాంటి 60 మందినే తీసుకుంది. కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు అలాగే కనిపించే ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఏమీ లేకుండా ఉంచింది. స్టాటిన్‌తో కనిపించిన బాధల్లో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ కనిపించాయి. వారిలో సగం మంది మళ్లీ మందు మొదలుపెట్టగలిగారు. ఆ నొప్పులు అబద్ధమని దీనర్థం కాదు. కారణం చాలాసార్లు మాత్ర కాదు. థైరాయిడ్ తక్కువగా ఉన్నా కండరాలు నొస్తాయి, కొలెస్ట్రాల్ కూడా పెరుగుతుంది. ఆ పరీక్ష చేయించుకోవడం మంచిది. నొప్పి నిజంగా మందు వల్లే అయితే డాక్టరు మోతాదు తగ్గిస్తారు, లేదా వేరే స్టాటిన్‌కు మారుస్తారు.

ఆగకూడని సందర్భం ఒకటుంది. రెండు తొడలూ, భుజాలూ తీవ్రంగా నొస్తూ నీరసించిపోయి, మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే మాత్ర వేసుకోకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. కండరం కరిగి కిడ్నీలను దెబ్బతీసే స్థితి అది. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. ఈ కారణంగానే 2001లో సెరివాస్టాటిన్ అనే మందును ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. కళ్లు పచ్చబడినా అంతే, వెంటనే చూపించుకోవాలి. ఫ్యాటీ లివర్ ఉందన్న ఒక్క కారణంతో మాత్రం స్టాటిన్ మానక్కర్లేదు.

ఇతర మందులతో పడకపోవడం కూడా ముప్పు పెంచుతుంది. గొంతు ఇన్ఫెక్షన్‌కు రాసే క్లారిత్రోమైసిన్, చర్మంపై తామరకు రాసే ఇట్రాకొనజోల్ అటోర్వాస్టాటిన్, సిమ్వాస్టాటిన్‌ల మోతాదును రక్తంలో బాగా పెంచేస్తాయి. జెమ్‌ఫైబ్రోజిల్‌ను స్టాటిన్‌తో కలిపి వాడకూడదు. బెంగాల్ బజార్లలో బతాబి లేబు పేరుతో అమ్మే పంపర పనస కూడా గ్రేప్‌ఫ్రూట్ జాతిదే, దానిలోని పదార్థాలూ అలాంటివే. ఎప్పుడో రెండు తొనలు తింటే ఫర్వాలేదు గానీ, ఈ రెండు మాత్రలు వాడేవారు రోజూ గ్లాసు రసం తాగడం మంచిది కాదు. రోసువాస్టాటిన్‌కు ఈ పండుతో పేచీ లేదు. అయితే ఆసియా వారి రక్తంలో ఆ మందు ఎక్కువగా చేరుతుంది కాబట్టి 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టడం పరిపాటి. గ్యాస్‌కు తాగే యాంటాసిడ్ సిరప్‌కు, రోసువాస్టాటిన్‌కు మధ్య రెండు గంటల తేడా ఉండాలి.

షుగర్ కొద్దిగా పెరిగే అవకాశం ఉంది, అది ముఖ్యంగా ఇప్పటికే అంచున ఉన్న వారికి. గుండెకు కలిగే మేలు దానికంటే చాలా ఎక్కువ కాబట్టి షుగర్ ఉన్నవారికీ ఈ మందు రాస్తారు. గర్భం కోసం ప్రయత్నించేవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ పగలైనా రాత్రైనా ఒకటే, రోజూ ఒకే వేళ అయితే చాలు. సిమ్వాస్టాటిన్ మాత్రం రాత్రి వేసుకోవాలి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. మోతాదు రెట్టింపు చేసినా ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతమే. మందు మొదలుపెట్టినా, మార్చినా 4 నుంచి 12 వారాల్లో మళ్లీ రక్తపరీక్ష చేయించాలి. రైలెక్కి ఊరు వెళ్లేవారు ప్రయాణం రోజులకు మించి నాలుగు రోజుల మాత్రలు అదనంగా, అట్టలు చింపకుండా పెట్టుకుంటే, అక్కడి డాక్టరు అసలు పేరు, మోతాదు చదువుకోగలరు.