క్షేత్రమితి: స్థూపం, శంఖువు, గోళం

పదో తరగతి గణితంలో ఘనాకృతుల ఉపరితల వైశాల్యాలు, ఘనపరిమాణాలు లెక్కగట్టే విభాగం క్షేత్రమితి. సూత్రాలు చాలానే కనిపిస్తాయి గానీ, స్థూపాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి దాని వెంటే వస్తాయి.

స్థూపం ఘనపరిమాణం అంటే పై × వ్యాసార్ధ వర్గం × ఎత్తు. అదే భూమి, అదే ఎత్తు ఉన్న శంఖువు అందులో మూడో వంతు. గోళం సరిగ్గా పట్టే స్థూపంలో గోళానిది మూడింట రెండు వంతులు. ఉపరితల వైశాల్యంలోనూ, స్థూపం రెండు మూతలు కలుపుకుంటే, ఇదే నిష్పత్తి. దీన్ని నిరూపించిన ఆర్కిమెడిస్ సమాధిపై ఈ రెండు ఆకృతులనే చెక్కారు. సిరక్యూస్‌లో ముళ్లపొదలు కమ్మేసిన ఆ సమాధిని క్రీ.పూ. 75లో రోమన్ వక్త సిసెరో గుర్తుపట్టాడు.

శంఖువు వక్రతల వైశాల్యం పై × వ్యాసార్ధం × ఏటవాలు ఎత్తు. తడబాటు ఇక్కడే: ప్రశ్నలో తరచూ ఇచ్చేది నిలువు ఎత్తు. వ్యాసార్ధం 7 సెం.మీ., నిలువు ఎత్తు 24 సెం.మీ. అయితే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం ఏటవాలు ఎత్తు 25 సెం.మీ. పై విలువ 22/7గా తీసుకుంటే వక్రతలం 550 చ.సెం.మీ., ఘనపరిమాణం 1,232 ఘ.సెం.మీ.

కలిపిన ఆకృతుల్లో ఘనపరిమాణాలను నేరుగా కూడవచ్చు, సంపూర్ణతల వైశాల్యాలను కూడకూడదు. శంఖువు మీద అదే వ్యాసార్ధం గల అర్ధగోళం అతికితే మధ్య వృత్తం బయటికి కనిపించదు. రెండింటి వక్రతలాలే లెక్కలోకి వస్తాయి. జవాబు చివర ప్రమాణం రాయడం మరవద్దు.