మెసర్‌ష్మిట్ 262: బాంబుదాడులు, సొరంగములు

యుద్ధరంగమున దిగిన తొలి జెట్ పోరాటవిమానము మెసర్‌ష్మిట్ 262. ప్రయోగదశ దాటి అది సైన్యమునకు చేరుటలో జాప్యమైనది హిట్లరు మొండితనము వలననే యని పెక్కు గ్రంథములు చెప్పుచున్నవి. శత్రుబాంబరులను కూల్చుటకై రూపొందిన ఈ విమానము బాంబులను మోయగలదా యని 1943 నవంబరులో అతడు ప్రశ్నించిన మాటయు, పిమ్మట బాంబరుగానే కావలెనని పట్టుపట్టిన మాటయు నిజమే. కాని యీ వాదమునకు బలము చేకూర్చినవి ఓటమి తరువాత జర్మను సేనానులు వ్రాసికొన్న స్మృతులు. చనిపోయిన నాయకునిపై నేరము మోపుట సులభము గదా!

అసలు చిక్కు ఇంజనులో నుండెను. 1942 జూలై 18న లైప్‌హైమ్‌లో ఫ్రిట్జ్ వెండెల్ ఈ విమానమును కేవలము జెట్ ఇంజన్లతో తొలిసారి యెగురవేసెను. ఆనాటి ఇంజనుకు నికెలు, క్రోమియము మొదలగు లోహములు విరివిగా కావలెను. జర్మనీలో వాటికి కరవు. కావున తీవ్రమైన వేడిమికి గురియగు భాగములను సైతము అల్యూమినియము పూసిన సామాన్యపు ఉక్కుతో చేయవలసివచ్చెను. అట్లు తయారైన యూమో 004 సాధారణముగా 10 మొదలు 25 గంటలకు మించి పనిచేయలేదు. 1944 వేసవి వరకు అది పెద్దసంఖ్యలో లభింపనేలేదు. ఇంజను లేని విమానమునకు నాయకుని యాజ్ఞ యెట్లున్న నేమి?

ఇక బాంబుదాడుల మాట. 1943 ఆగస్టు 17న అమెరికను బాంబరులు రేగెన్స్‌బుర్గులోని మెసర్‌ష్మిట్ కర్మాగారమును ధ్వంసము చేసెను. సుమారు 400 మంది మరణించిరి. 262 దేహమును కూర్చుటకు సిద్ధపరచిన చట్రములును నాశనమయ్యెను. అదే దినమున ష్వైన్‌ఫుర్టుపై జరిగిన దాడిని గూడ చేర్చినచో అమెరికనులు కోల్పోయిన బాంబరులు 60. ఔగ్స్‌బుర్గులోని రూపకల్పనశాఖ ఆల్ప్సు పర్వతప్రాంతమందలి ఓబరామెర్‌గౌకు తరలెను.

ఈ దాడుల వలన నెన్ని మాసములు నష్టమైనవని లెక్కించి, ఫలితవిచారణను అంతటితో ముగించుట పరిపాటి. ఆ లెక్క చాలదని మా యభిప్రాయము. దాడులకు వెఱచి కర్మాగారములు భూగర్భమున దూరెను. ఆస్ట్రియాలోని సాంక్ట్ గేయోర్గెన్ వద్ద 1944లో ఇసుకరాతి కొండను తొలిచి, బెర్గ్‌క్రిస్టల్ అను మారుపేరుతో సొరంగములు నిర్మించిరి. 262 దేహములు తయారైనది అచ్చటనే. త్రవ్వినవారును, లోపల పనిచేసినవారును గూజెన్ నిర్బంధశిబిరపు ఖైదీలు. పోలండు, సోవియట్ దేశము, ఇటలీ, ఫ్రాన్సు మున్నగు పలుదేశములవారు, యూదులు అందులో నుండిరి. ప్రతిదినము వారిని శిబిరమునుండి రైలులో క్రిక్కిరియ నింపి తెచ్చుచుండిరి. ఇసుకధూళి చేతను, ఆకలి చేతను, దెబ్బల చేతను వేలమంది మరణించిరి. విమానరంగ చరిత్రలలో ఈ శిబిరము పేరైనను కానరాకుండుట మాకు వింతగా తోచుచున్నది.

యుద్ధాంతమునకు సుమారు 1,400 విమానములు తయారయ్యెను. పోరులో పాల్గొన్నవి కొన్ని వందలే. ఇంధనము లేక, శిక్షితులైన వైమానికులు లేక, మిగిలినవానిలో పెక్కు నేలపైననే బాంబులకు గురియయ్యెను. 1945 మే 5న అమెరికను సేన గూజెన్ ఖైదీలను విడిపించెను. ఆ ప్రాంతము పిమ్మట సోవియట్ సేనల యధీనమయ్యెను. 1947లో వారు సొరంగములను చాలవరకు ప్రేల్చివేసిరి. వాటిపై నేడు నివాసగృహములున్నవి.