రేచెర్ల వారి ఇంటిపేరు: శాసనముల నుండి కైఫీయతుల దాక

తెలుగుదేశమున వంశచరిత్రము వ్రాయబూనినవారు సాధారణముగా ఇంటిపేరుతో ప్రారంభింతురు. ఒకే ఇంటిపేరు రెండు శాసనములలో కన్పట్టినచో ఆ రెండు శాసనములలోని వ్యక్తులు ఒకే వంశమువారని నిర్ణయించుట, ఇంటిపేరు వేరైనచో వంశములు వేరని తలచుట మన పరిశోధకులలో చిరకాలముగా నున్న అలవాటు. ఈ పద్ధతి యెంతవరకు నిలుచునో ఒక ప్రసిద్ధమైన ఇంటిపేరును ఆధారముగా గొని ఈ వ్యాసమున పరిశీలింపదలచితిమి. కాకతీయుల కాలము నుండి జమీందారీల కాలము వరకు ఆధారములు వరుసగా లభించు పేరు గనుక 'రేచెర్ల' అను దానిని గ్రహించితిమి.

ఆధారములను ముందుగా వర్గీకరించుట యుక్తము. శాసనములు మొదటివి. అవి సమకాలికములు, దాత పేరు, తండ్రి పేరు, దానకాలము, దానభూమి వానిలో నుండును. కావ్యావతారికలు రెండవవి. వంశావళులు మూడవవి, ఇవి భట్టులు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన పద్యములను, గద్యములను పిదప గూర్చినవి. గ్రామ కైఫీయతులు నాల్గవవి. కర్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) ఉద్యోగులు, ముఖ్యముగా కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహాయకులు, గ్రామ కరణముల కడనున్న కవిలెల నుండియు, వృద్ధుల నోటి నుండియు సేకరించినవి ఇవి. తరువాత సి. పి. బ్రౌను పూనికతో వీనికి ప్రతులు వ్రాయబడి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారమున చేరినవి. జమీందారీ సన్నదులు, ఇనాము విచారణ పత్రములు ఐదవవి.

ఈ ఐదింటికి సమానమైన ప్రామాణ్యము లేదు. కైఫీయతుల సంగతి ఒక్క ఉదాహరణమున తెలియగలదు. గోపరాజు రామన్న యను ప్రధాని గణపతిదేవ మహారాజు కాలమున నియోగులకు గ్రామ కరణికములు నిర్ణయించెనని గుంటూరు సీమ కైఫీయతులు పలుచోట్ల చెప్పుచున్నవి. అచ్చట నిచ్చిన శకవర్షము క్రీ. శ. 12వ శతాబ్దికి చెందును. కాకతీయ గణపతిదేవుడు రాజ్యము చేసినది 1199 మొదలు 1262 వరకు. ఆ రాజు కాకతీయ గణపతిదేవుడే యనుకొన్నచో కాలము పొసగదు. అయినను కరణికపు మిరాసీ తమకు ఒక రాజాజ్ఞ వలన సంక్రమించినదని కరణములు నమ్మిరనుట సత్యము. కైఫీయతు ఆ నమ్మకమునకు సాక్ష్యము. ఆ రాజాజ్ఞకు మాత్రము సాక్ష్యము కాజాలదు. ఈ భేదమును మనస్సున నుంచుకొని రేచెర్ల వారి విషయమునకు వత్తము.

శాసనములలో ఈ పేరు వహించినవారిలో మిక్కిలి ప్రసిద్ధుడు కాకతి గణపతిదేవుని సేనాని రేచెర్ల రుద్రుడు. శకవర్షము 1135, అనగా క్రీ. శ. 1213లో, పాలంపేటలో రుద్రేశ్వరాలయమును కట్టించినవాడితడు. నేడు రామప్ప గుడి యని పిలువబడుచు, 2021లో ప్రపంచ వారసత్వ కట్టడముల పట్టికలో చేరిన ఆలయ మిదియే. గణపతిదేవుడు యాదవులచేత చిక్కిన కాలమున ఇతడు రాజ్యభారమును వహించెనని చరిత్రకారులు చెప్పుదురు. సూర్యాపేట చేరువనున్న పిల్లలమఱ్ఱిలో ఈ వంశమువారి దేవాలయములు, శాసనములు కలవు. నామిరెడ్డి శాసనము 1195 నాటిది. బేతిరెడ్డి భార్య ఎఱకసాని కట్టించిన ఆలయమునకు సంబంధించిన శాసనము 1208 నాటిది. వీరిని చరిత్రకారులు 'రేచెర్ల రెడ్లు' అని వ్యవహరించుచున్నారు.

రెండవ కుటుంబము రాచకొండ, దేవరకొండల నేలిన పద్మనాయకులది. అనపోతనాయకుని అయినవోలు శాసనము 1369 నాటిది. అతని కుమారుడు సర్వజ్ఞ సింగభూపాలుడు సంస్కృతమున రసార్ణవసుధాకరమను అలంకారశాస్త్ర గ్రంథమును రచించి, దాని యారంభమున తన వంశమును వర్ణించెను. తమది నాల్గవ వర్ణమని, రేచెర్ల వంశమని ఆయన స్పష్టముగా చెప్పుకొనెను. ఆ వర్ణనము దాచయ నాయకునితో మొదలగును. ఆ దాచయ కొడుకులలో ఒకని పేరు రేచ మహీపతి. ఈ అంశము మనకు ముందు ఉపకరించును.

వెలమల వంశచరిత్రకు ముఖ్యాధారమైన వెలుగోటివారి వంశావళిని నేలటూరి వెంకటరమణయ్యగారు పరిష్కరింపగా మదరాసు విశ్వవిద్యాలయము 1939లో ప్రకటించినది. ఈ వంశకథలలో మూలపురుషుడు చెవ్విరెడ్డి. అతనికే పిల్లలమఱ్ఱి బేతాళనాయకుడని మరియొక పేరు. అతని కొడుకులుగా దామానాయకుడు, ప్రసాదిత్యనాయకుడు, రుద్రనాయకుడు చెప్పబడుదురు.

ఇచ్చట సమస్య బయలుదేరుచున్నది. రెండు కుటుంబములకును ఇంటిపేరు రేచెర్ల. రెండింటికిని పిల్లలమఱ్ఱితో సంబంధము కలదు. ఒకచోట బేతిరెడ్డి, రెండవచోట బేతాళనాయకుడు. ఒకచోట సేనాని రుద్రుడు, రెండవచోట రుద్రనాయకుడు. ఇన్ని సామ్యములు చూచి రెండును ఒకే వంశమని పలుకుట సులభము. రెడ్లు వేరు, వెలమలు వేరు గనుక వంశములును వేరని త్రోసివేయుటయు అంతే సులభము. రెండు నిర్ణయములును తొందరపాటు చేత కలిగినవే యని మా యభిప్రాయము.

రెండవ వాదమును మొదట పరిశీలింతము. 'రెడ్డి', 'నాయకుడు', 'సెట్టి', 'బోయ' అను పేళ్ళు కాకతీయుల కాలమున నేటి కులవాచకములుగా స్థిరపడలేదు. రెడ్డి యనగా గ్రామపు పెద్ద. నాయకుడనగా బంటుల కధిపతి. ఈ పదములు శాసనములలో హోదాను, వృత్తిని సూచించునవని సింథియా టాల్బట్ 2001లో ప్రకటించిన మధ్యయుగాంధ్ర చరిత్ర గ్రంథమున పెక్కు శాసనముల లెక్కతో నిరూపించినది. వెలమల వంశకథయే ఇందుకు సాక్ష్యమిచ్చుచున్నది: వారి మూలపురుషుడు చెవ్విరెడ్డి, బిరుదనామమున బేతాళనాయకుడు. ఒకే వ్యక్తి రెడ్డియు, నాయకుడును కాగా, పేరు చివరి పదమును బట్టి కులమును నిర్ణయించుట చెల్లదు.

ఇక మొదటి వాదము. ఇంటిపేరు, ఊరు, వ్యక్తినామము ఈ మూడును కలిసినను ఏకవంశము సిద్ధింపదు. పిల్లలమఱ్ఱి అను ఊరిపేరునే తీసికొని చూతము. బేతాళనాయకునికి అది విశేషణము. శృంగారశాకుంతలము, జైమినిభారతము రచించిన పినవీరభద్రకవికి అదియే ఇంటిపేరు. ఈ పేరు సామ్యము చూచి కవియు, నాయకుడును జ్ఞాతులని ఎవరును అనరు. ఒక ఊరినుండి వెడలినవారందరు ఆ ఊరిపేరును మోయుదురు. వారిలో బ్రాహ్మణులు నుందురు, కాపులు నుందురు, శిల్పులు నుందురు. బేత, రుద్ర మొదలగు పేళ్ళన్ననో కాకతీయ రాజులు సైతము ధరించినవి. ప్రభువుల పేళ్ళు సామంతుల ఇండ్లలోనికి ప్రవేశించుట సహజము. కావున తండ్రి, భార్య, కొడుకులు, కాలము ఈ నాలుగును కలిసిననే ఒక శాసనములోని వ్యక్తియు, వంశావళిలోని వ్యక్తియు ఒక్కరని చెప్పవచ్చును. వంశావళి చెప్పు బేతాళునికి, పిల్లలమఱ్ఱి బేతిరెడ్డికి ఈ విధమైన సమన్వయము చేయక, పేరు చూచి ఏకత్వము చెప్పుట ప్రమాణము కాదు.

ఇప్పుడు ఇంటిపేరు పుట్టుకను గూర్చి రెండు మాటలు. వెలుగోటివారి వంశకథ ఇట్లు చెప్పుచున్నది: చెవ్విరెడ్డికి ఒక నిక్షేపము కన్పించినది. దానిని గైకొనుటకు నరబలి కావలెనని దైవవాణి పలికినది. అతని సేవకుడు, పంచముడైన రేచడు, తానే బలియగుటకు ముందునకు వచ్చెను. ఐతే రెండు షరతులు పెట్టెను. యజమాని వంశమువారు తన పేరును గోత్రముగా ధరింపవలెను. వారి ఇంట పెండ్లి జరుగునప్పుడు తన వంశమువారి పెండ్లి ముందు జరుపవలెను. చెవ్విరెడ్డి అంగీకరించెను.

వ్యాకరణము ఈ కథను పూర్తిగా సమర్థింపదు. పేరు తుదనున్న 'చెర్ల' తెలుగు గ్రామనామములలో పరిచితమైన పదము. మాచెర్ల, చేజెర్ల, జడ్చెర్ల మున్నగువానిలో ఇది కలదు. 'చెఱువుల' అను రూపము సంకోచించి ఏర్పడినది. కావున రేచెర్ల మొదట ఊరిపేరై యుండవలెను. రేచెర్ల యను గ్రామనామము తెలుగుదేశమున నేటికిని కలదు. ఒక మనిషి పేరునకు నేరుగా 'చెర్ల' చేరదు. అతని చెఱువునకు చేరును. మొదటి భాగమున 'రేచ' అను వ్యక్తినామ మున్నదని ఊహించినచో 'రేచ చెఱువుల' అనుదానిలో ఒక చకారము లోపించి రేచెర్ల యగుట సంభావ్యమే. రేచన, రేచయ అను పేళ్ళు ఆ కాలమున అరుదైనవి కావు. కవిజనాశ్రయమను ఛందోగ్రంథము మల్లియ రేచన పేర ప్రసిద్ధము. సింగభూపాలుని పూర్వులలోనే రేచ మహీపతి కలడని పైన చూచితిమి. అనగా రేచ యను పేరు సేవకుల ఇండ్లకే పరిమితమైనది కాదు.

ఇంతమాత్రమున రేచని కథను పారవేయవలెనా? వలదని మా నిశ్చయము. పదవ్యుత్పత్తికి అది ఆధారము కాకపోవచ్చును. సామాజిక చరిత్రకు అది అమూల్యమైన ఆధారము. సంస్థానాధీశ్వరులైన వంశమువారు తమ పేరు ఒక పంచముని పేరని, తమ ఐశ్వర్యము అతని ప్రాణముతో వచ్చినదని, తమ శుభకార్యములకు ముందు అతని వారసులకు శుభకార్యము చేయవలెనని తమ చరిత్రలోనే వ్రాయించుకొనిరి. గొప్పకొరకు కల్పించు కథలు సాధారణముగా సూర్యునికో, చంద్రునికో వంశమును ముడివేయును. ఈ కథ సేవకునికి ముడివేసినది. నేల దున్నినవానికి, చెఱువు త్రవ్వినవానికి ప్రభువు ఋణపడి యున్నాడను స్మృతి ఇందులో నిలిచియున్నది. శాసనములలో దాత పేరు చెక్కబడును; చెఱువు త్రవ్విన చేతుల పేరు చెక్కబడదు. ఆ లోపమును కొంతవరకు పూరించునది ఇట్టి కథయే.

తరువాతి కాలమున ఈ పేరు పొందిన మార్పు మరింత గమనింపదగినది. రాచకొండ ప్రాభవ మంతరించిన పిమ్మట శాఖలు విజయనగర రాజ్యమున నెలకొని క్రొత్త ఇంటిపేళ్ళు ధరించినవి. వెలుగోడు కేంద్రముగా నున్నవారు వెలుగోటివారైరి. డువర్ణాంతమైన ఊరిపేరు ఔపవిభక్తికమై టివర్ణమును పొందుట తెలుగున సుప్రసిద్ధము: కొండవీడు, కొండవీటి, వెలుగోడు, వెలుగోటి. ఇంటిపేళ్ళలో ఔపవిభక్తిక రూపము నిలిచియుండుట వలన అవి ఊరిపేళ్ళ నుండి పుట్టినవని నిశ్చయింప వీలగుచున్నది. 1616–17 నాటి తోపూరు యుద్ధమున జగ్గరాయని గెలిచిన యాచమనాయకుడు ఈ వెలుగోటివాడే. ఈ శాఖవారే పిదప వెంకటగిరి సంస్థానాధీశులై 1802లో కుంఫిణీ వారి శాశ్వత సన్నదు పొందిరి. బొబ్బిలివారికి 'రావు' అను బిరుదమే ఇంటిపేరైనది. జటప్రోలు ప్రభువులకు ఇంటిపేరు సురభి. వీరందరును గోత్రము చెప్పవలసినచోట మాత్రము రేచెర్ల గోత్రమని చెప్పుకొనిరి.

ఇందువలన తేలినది ఏమి? 13వ శతాబ్ది శాసనములలో ఇంటిపేరుగా నున్నది, శాఖలు పెరిగి క్రొత్త ఇంటిపేళ్ళు వచ్చిన తరువాత, గోత్రస్థానమున కెక్కినది. బ్రాహ్మణుల గోత్రములు ఋషుల పేర నుండగా, ఇచ్చట గోత్రము ఒక పాత ఇంటిపేరు. దానికి ప్రయోజనము వివాహనియమము: ఇంటిపేళ్ళు వేరైనను రేచెర్ల గోత్రీకులు పరస్పరము దాయాదులు గనుక వియ్యమందరు. కావున ఇంటిపేరు వేరైనచో వంశము వేరనుటయు ఇచ్చట తప్పైనది. ఒకే పేరుగలవారు వేరు వంశములు కావచ్చును. వేరు పేళ్ళవారు ఒకే వంశము కావచ్చును.

పరిశోధక విద్యార్థులకు దీనినుండి ఒక క్రమము సూచింప సాహసించుచున్నాము. వంశచరిత్రను మూలపురుషునితో ప్రారంభింపరాదు. తెలిసిన కాలము నుండి వెనుకకు నడువవలెను. సన్నదులు, ఇనాము పత్రములు చూచి, అచ్చటి నుండి కైఫీయతునకు, కైఫీయతు నుండి వంశావళికి, వంశావళి నుండి శాసనమునకు పోవలెను. ఎచ్చట గొలుసు తెగినదో అచ్చట తెగినదని వ్రాయవలెను. ఊరిపేరు కన్పట్టినపుడు అదే పేరుగల ఇతర గ్రామములను విచారింపవలెను. ఆమనగల్లు వంటి పేళ్ళు ఒకటికంటె నెక్కువ గ్రామములకు కలవు. ఱకార రేఫములను, ఔపవిభక్తిక రూపములను శాసనముద్రణములలో సరిచూచుకొనవలెను. నేటి కులనామమును నాటి శాసనముపై మోపరాదు.

ఇంటిపేరును చేతబట్టుకొని తమ కులమునకు రాజ్యమును, కీర్తిని సమకూర్చుకొనుటకు శాసనములను వెదకువారు నేడును కలరు. రేచెర్ల వారి పేరు అట్టివారికి తగిన సమాధానము చెప్పుచున్నది. ఆ పేరున రెడ్డియు నున్నాడు, నాయకుడు నున్నాడు, తన కథ ప్రకారము పంచముడు నున్నాడు. ఆ ముగ్గురిలో ఏ ఒక్కరిని తొలగించి వ్రాసినను ఆ వంశచరిత్ర అసమగ్రమే యగును.